ఎ.కొండూరు నుంచి తిరిగొచ్చిన పాట

మా అమ్మాయి గ్లోరి గొంతు నాకు ఒక్క పాటలోనే మిగిలింది. వంటింట్లో నిలబడి పాడింది, వెనకాల కుక్కర్ కూత కూడా వినిపిస్తుంది. మొదటి చరణం అయ్యాక గట్టిగా ఊపిరి తీసుకుంటుంది పిచ్చిపిల్ల. నాకు పాటకన్నా ఆ ఊపిరే ఇష్టం. పోయిన వానాకాలం ఆసుపత్రిలో నా కళ్లముందే ఊపిరి అందక ప్రాణం విడిచింది మరి.

ఆ పాట ఉండేది మా మరిది జోజిబాబు ఇంట్లో, ముందుగది కంప్యూటర్లో. మన పిల్లల పాటలూ కబుర్లూ ఏదో కంపెనీ చేతిలో ఎందుకని, తిరువూరు చర్చిలో పాడే పిల్లలకోసం వాడే సొంతంగా ఒక వెబ్‌సైటు నడుపుతున్నాడు. ఎ.కొండూరులో అంతోనయ్యగారు అలాంటిదే ఇంకోటి నడుపుతారు. ఇక్కడ పెట్టింది అక్కడికీ చేరుతుంది. అంతా బాగానే ఉంది, డిస్కే చిన్నది.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. జోజి రమ్మంటే వెళ్లాను.

"వదినా, డిస్కు నిండిపోయింది. వాడనివాళ్ల అకౌంట్లు తీసేయకపోతే అందరిదీ ఆగిపోతుంది."

"మా గ్లోరి జోలికెళ్లావంటే ఊరుకోను!"

"అంతోనయ్యగారి దగ్గర కాపీ ఉంది కదా. అక్కడ వినొచ్చు."

అంత నమ్మకంగా చెప్తే సరేనన్నాను. నొక్కాడు. కాసేపాగి ఆయనకి ఫోన్ చేశాం.

"మీరు తీసేస్తే, తీసేయమని మాకూ కబురొస్తుంది బాబూ," అన్నారాయన మెల్లగా. "ఇక్కడా పోయింది."

ఫోన్లో దాచుకుందామని ఇద్దరికీ తట్టలేదు. రోజూ వినేదేగా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం. అక్కడే కూలబడి ఏడ్చాను.

"పోయినదాన్ని మళ్లీ చంపేశావు కదరా!"

అప్పుడు టింగ్‌మంది కంప్యూటర్. ఎ.కొండూరు నుంచి ఏదో వచ్చింది. గ్లోరి పేరుతో.

జోజి మొహం పాలిపోయింది. "ఆ అకౌంటే లేదు వదినా..."

"నోర్మూసుకుని పెట్టు!"

కుక్కర్ కూత. నా బిడ్డ గొంతు. దేవుడు కరుణించాడనుకున్నాను. మొదటి చరణం అయింది. నాకిష్టమైన ఆ ఊపిరి కోసం చెవులు రిక్కించాను.

రాలేదు. రెండో చరణం మొదలైంది. తర్వాత మూడోది. అసలు పాటలో ఉన్నవి రెండే... ఎక్కడా ఊపిరి తీసుకోదే! చూస్తుండగానే డిస్కు మళ్లీ నిండిపోతోంది.

"ఆపేస్తాను," గొణిగాడు జోజి.

"వద్దు..."

అంతలో కరెంటు పోయింది. తెర నల్లబడింది. గదంతా తడిసిన గోడల వాసన. వాన చప్పుడు.

పాట ఆగలేదు.

గొంతు బొంగురుపోతోంది. కీచుమంటోంది. ఆసుపత్రిలో చివరిరోజు విన్న గొంతు అది. నేనిక తట్టుకోలేకపోయాను.

"ఊపిరి తీసుకోవే తల్లీ... ఒక్కసారి తీసుకోవే..."

పాట ఆగింది.

నా భుజం వెనక... గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు.

జోజి నా వెనక్కే చూస్తూ గోడకి అతుక్కుపోయాడు. నేను మాత్రం తిరగలేదు. తిరిగితే ఎక్కడ ఆపేస్తుందోనని.