ఏడో రాయి

"ఆరు," అన్నాడు అతను.

"ఏడు," అంది పడవ నడుపుతున్న సరంగు, ఇంజన్ ఆపకుండానే.

"ఆరే కనిపిస్తున్నాయండీ."

"కనిపిస్తున్నవి లెక్కపెట్టమన్నారా, ఉన్నవి లెక్కపెట్టమన్నారా?"

అతను ఫైలు తెరిచి చూసుకున్నాడు. ఆఫీసు ఉత్తర్వులో ఆ సంగతి రాయలేదు.

అతను జిల్లా టూరిజం ఆఫీసులో అసిస్టెంటు. ఏదైనా కొలవాలన్నా, లెక్కపెట్టాలన్నా అతన్నే పంపిస్తారు కాబట్టి ఆఫీసులో అందరూ కొలబద్ద అంటారు. ఈసారి గొడవ ఒక ఉత్తరంతో మొదలైంది. 'మీ జిల్లా గైడులో సముద్రంలో అక్కచెల్లెళ్ళ రాళ్ళు ఏడని ఉంది. మేము ఎండలో నిలబడి మూడుసార్లు లెక్కపెట్టినా ఆరే వచ్చాయి. మా ఆవిడ నా లెక్కల మీదే అనుమానపడుతోంది' అని ఒక టూరిస్టు రాశాడు. పై అధికారి మేడంగారు దాని మీద ఎర్రసిరాతో 'తేల్చండి' అని రాసి కొలబద్ద బల్ల మీద పడేసింది.

"ఎవరో గానీ గదిలో కూర్చుని రాసిపారేసినట్టున్నాడు," అన్నాడు కొలబద్ద.

పడవ గిర్రున తిరిగింది. ఒక అల లోపలికొచ్చి ఫైలుని పలకరించి వెళ్ళింది.

"ఆ ఎవరో మా నాన్న," అంది సరంగు. "హిస్టరీ మాస్టారు. మూడేళ్ళు ఈ తీరమంతా కాళ్ళరిగేలా తిరిగి రాశారు. ఏరు సముద్రంలో కలిసే మొగ ఎటు జరిగిందో, పాత రేవు ఎందుకు మూతపడిందో, పడవలు కట్టేసే ఆ పాత ఫిరంగి ఎవరిదో, అన్నీ. జిల్లా మొత్తానికి చరిత్ర, భూగోళం ఆయనే. మీరు వచ్చి అరగంట కాలేదు."

కొలబద్ద ఫైలుని నీళ్ళు కారేలా పిండాడు. తప్పు తనదే అని అర్థమైంది గానీ దాన్ని ఏ ఫారంలో ఒప్పుకోవాలో తెలియలేదు.

"ఏడోది చిన్నచెల్లెలు. అందరికంటే పొట్టి," అంది ఆమె కాస్త చల్లబడి. "ఆటులో నీళ్ళు బాగా దిగితేనే తల బయటపెడుతుంది. సరైన రోజు నేను ఫోన్ చేస్తా, రండి."

"ఈరోజుకి ఆరని రాసుకుంటా."

"రాసుకోండి. పరిశీలన పూర్తికాలేదని కూడా రాయండి."

ఫారంలో మూడు గడులున్నాయి: ఏం చూశారు, ఎన్ని గంటలకి, సాక్షి సంతకం. ఆమె రెండుసార్లు చదివి సంతకం పెట్టింది. ఆ సంతకం గుండ్రంగా, చాలా తీరిగ్గా ఉందని కొలబద్ద ఇంటికెళ్ళాక గమనించాడు. రాత్రి భోజనం దగ్గర ఫారం తీసి మళ్ళీ చూశాడు. వాళ్ళమ్మ అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

రెండోసారి పౌర్ణమి మర్నాడు వెళ్ళారు. ఏడో రాయి మాట దేవుడెరుగు, వానలో మొదటి రాయే కనిపించలేదు. ఇద్దరూ ఒకే టార్పాలిన్ కింద గంటన్నర కూర్చున్నారు. ఫ్లాస్కులో టీ ఉంది గానీ మూత ఒక్కటే. ఆమె తాగి, తుడిచి ఇచ్చింది. తుడవకపోయినా ఫర్వాలేదనిపించింది అతనికి. పైకి మాత్రం, "ఇక్కడ సగటు వర్షపాతం ఎంతండీ?" అన్నాడు.

"మీరు ఎప్పుడూ ఇలాగే మాట్లాడతారా?"

"లేదండీ. మామూలుగా ఎవరితోనూ మాట్లాడను."

ఆమె నవ్వింది. వాన ఇంకో అరగంట కురిస్తే బాగుండునని కొలబద్ద మనస్ఫూర్తిగా కోరుకున్నాడు. వెంటనే ఆగిపోయింది.

మూడోసారి వెళ్ళింది అమావాస్య నాడు. ఎండ చక్కగా కాసింది, సముద్రం బుద్ధిగా ఉంది. సరంగు పడవ వెనక వంగి, ఇంజన్ పంకాకి చుట్టుకున్న పాత వల ముక్క కోస్తోంది. అప్పుడు ఆరో రాయి పక్కన నీళ్ళు మెల్లగా విడిపోయి, గేదె వీపంత నల్లటి రాయి ఒకటి పాచితో సహా పైకొచ్చింది. వాచీ చూసుకున్నాడు. పదకొండూ నలభై. తొమ్మిది నిమిషాలుండి మళ్ళీ మునిగింది.

"కనిపించిందా?" అంది ఆమె తల ఎత్తి.

అవునంటే లెక్క తేలిపోతుంది. తేలితే ఫైలు మూసేస్తారు. మూస్తే ఇక పడవెక్కడానికి కారణం ఉండదు. ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఒక్క అంకె తప్పు రాయని మనిషి నోటివెంట ఆ మాట ఎలా వచ్చిందో వచ్చింది.

"లేదండీ."

"అలాగా," అంది ఆమె. 'కనిపించలేదు' అని అతను రాసిన ఫారం రెండుసార్లు చదివి సంతకం పెట్టింది.

నాలుగోసారి, ఐదోసారి కూడా ఆమె ఫోన్ చేస్తేనే వెళ్ళాడు. ఆ రెండుసార్లూ ఏడో రాయి నిజంగానే కనిపించలేదు. అందుకు కొలబద్ద చాలా సంతోషించాడు, ఎందుకంటే అబద్ధం రాయాల్సిన పని తప్పింది. ఆమె పాత కస్టమ్స్ ఇంటి కథ చెప్పింది. అతను తన చిన్నప్పటి స్టాంపుల ఆల్బమ్ గురించి చెప్పాడు. ఆమె నిద్రపోలేదు.

ఐదోసారి వెళ్ళొచ్చిన ఐదు రోజులకి మేడంగారు పిలిచింది.

"ఐదుసార్లు వెళ్ళావు. ఏడోది లేదు. కొత్త ఎడిషన్ సోమవారమే ప్రెస్సుకి పంపమన్నారు. ఆరని మారుస్తున్నాం. అంత పెద్ద తప్పు రాసినాయన పేరు అట్ట మీద ఎందుకు? తీసేస్తున్నాం. నీ రిపోర్టుల కాపీలన్నీ ఆయనకి పంపించాను."

కొలబద్ద ఏదో చెప్పబోయాడు. మేడంగారు అప్పటికే ఫోన్లో ఉంది. అతను మధ్యాహ్నం సెలవు పెట్టి, అడ్రస్ కనుక్కుని, నేరుగా మాస్టారి ఇంటికి వెళ్ళాడు.

మాస్టారు కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని ఉన్నారు. ఎదురుగా గైడు పాత కాపీ, దాని పక్కన ఐదు ఫారాలు. పుస్తకంలో 'ఏడు' కొట్టేసి, పైన పెన్సిల్‌తో 'ఆరు' అని రాసి ఉంది.

"రండి బాబూ. పెద్దవాణ్ణయ్యాను కదా, పొరబడి ఉంటాను," అన్నారు ఆయన. "ఆఫీసువాళ్ళు చెప్తే నమ్మేవాణ్ణి కాదు. కింద మా అమ్మాయి సంతకం ఉంది. అది చూసి దిద్దాను."

కొలబద్దకి తను చేసింది ఎంత పాడుపనో ఆ పెన్సిల్ గీత చూశాక గానీ తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"మీరు పొరబడలేదండీ. ఏడే. మూడోసారి వెళ్ళినప్పుడు చూశాను. పదకొండూ నలభైకి. తొమ్మిది నిమిషాలు. లేదని రాశాను."

"ఎందుకు?"

"ఉందని రాస్తే మళ్ళీ పడవెక్కనివ్వరని."

లోపలి గుమ్మం దగ్గర గిన్నె కింద పడిన చప్పుడైంది. సరంగు బయటికి వచ్చింది.

"మీకసలు బుద్ధుందా? మా నాన్న పేరుతో ఆటలా? పొద్దున్నుంచి ఈయన మెతుకు ముట్టలేదు, తెలుసా! చదువుకున్నవాళ్ళు, ఆఫీసరు..."

మాస్టారు గోడకున్న క్యాలెండరు తీసి బల్ల మీద పరిచారు. ఫారాల మీద తేదీలు ఒక్కొక్కటీ దాంట్లో వెతికారు.

"అమ్మా, నాలుగోసారి ఎప్పుడు వెళ్ళారు?"

ఆమె కింద పడిన గిన్నె తీయడానికి వంగింది.

"అష్టమి," అన్నారు ఆయనే. "ఐదోసారి?"

"...అష్టమి."

"అష్టమి నాడు నీళ్ళు ఎంత దిగుతాయి?"

"దిగవు నాన్నా."

"నీకు ఆరో ఏటే నేర్పాను ఇది."

కొలబద్ద క్యాలెండరు చూశాడు, ఆమెని చూశాడు, మళ్ళీ క్యాలెండరు చూశాడు. జీవితంలో మొదటిసారి ఒక లెక్క అతనికి ఇంత నచ్చింది.

"మూడోసారి నేనూ చూశాను," అంది సరంగు, తల దించుకుని. "ఈయన లేదన్నారు. ఎందుకన్నారో అర్థమైంది. బాగుందనిపించింది. వచ్చే అమావాస్యకి ఎలాగూ చూపిద్దాం, అంతవరకు కొన్నాళ్ళు తిరగనీ అనుకున్నా. ప్రెస్సు సంగతి నాకు తెలీదు నాన్నా. ఒట్టు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా సంతకం చూసి మీరు మీ పుస్తకం దిద్దుకుంటారని అనుకోలేదు."

మాస్టారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తర్వాత రబ్బరు తీసుకుని 'ఆరు' చెరిపేశారు.

"ఎల్లుండి అమావాస్య," అన్నారు. "నేనూ వస్తాను. కెమెరా తెండి."

ఎల్లుండి ముగ్గురూ వెళ్ళారు. మోకాళ్ళ నొప్పులతో మాస్టారు పడవెక్కడానికి పావుగంట పట్టింది. కొలబద్ద ఆయన చెయ్యి వదల్లేదు. చిన్నచెల్లెలు చెప్పిన వేళకే వచ్చింది. మాస్టారు వేలితో ఒక్కొక్క రాయినీ చూపిస్తూ లెక్కపెట్టుకుని, "ఏడు," అన్నారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఫోటోతో పాటు కొలబద్ద మరో కాగితం కూడా మేడంగారి ముందు పెట్టాడు. మూడో రిపోర్టు అబద్ధమని, తప్పు తనదేనని అందులో ఉంది. ఆవిడ దాన్ని చదివి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చదివింది. అతనికి మెమో ఇచ్చింది. మాస్టారి పేరు అట్ట మీద ఉంచింది.

ఆ సాయంత్రం మెమో సంగతి చెప్పడానికి వెళ్తే మాస్టారు గైడు తిరగేస్తూ కూర్చున్నారు.

"లైట్‌హౌసు మెట్లు నూట ఎనభై ఏడని రాశాను. అప్పట్లో ఒక్కణ్ణే లెక్కపెట్టాను. నమ్మకం లేదు. రేపు ఆదివారం, ఇద్దరూ వెళ్ళి చూసిరండి," అన్నారు తల ఎత్తకుండా. ఒక పేజీ తిప్పాక, "తొందరేం లేదు," అన్నారు.

మర్నాడు పొద్దున్న సగం మెట్లెక్కాక కొలబద్ద ఆగిపోయాడు.

"ఎన్నయ్యాయి?" అంది ఆమె.

"మర్చిపోయాను."

"మీరా?"

"నాకు మీరంటే చాలా ఇష్టమండీ. అది ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే లెక్క తప్పింది."

ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. కింద సముద్రం హోరుమంటోంది.

"నోటిమాట చెల్లదు," అంది. "ఫారం తెచ్చారా?"

జేబులో ఒకటుంది. ఎప్పుడూ ఉంటుంది. అతను గోడకి ఆనించి మొదటి గడిలో ఆ మాటే రాశాడు. రెండో గడిలో పదీ ఇరవై అని వేశాడు. ఆమె తీసుకుని, రెండుసార్లు చదివింది. మూడో గడిలో ముందే అచ్చు వేసి ఉన్న 'సాక్షి' అనే మాటని కొట్టేసి, పక్కన 'నేను కూడా' అని రాసి, గుండ్రంగా, తీరిగ్గా సంతకం పెట్టింది.

"పదండి కిందకి," అంది. "మళ్ళీ మొదటి మెట్టు నుంచి."