బొమ్మ పెండ్లికి మగపెండ్లివారు

"పిల్లోల్లను కాసేది ఇట్లనా? కండ్లు యాడ పెట్టుకోనుండావు?"

హంపమ్మతో నేను మాట్లాడిన మొదటి మాట అది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. కానీ ఆ రోజు అయిదేళ్ల ఖాసిం ఆడుకుంటూ వచ్చి నా సుత్తి కింద తల పెట్టబోయాడు. జానెడు తేడాలో తప్పింది. నా భయమంతా కోపమై బయటికొచ్చింది.

హంపమ్మ వాణ్ని చంకనెత్తుకొని నన్ను ఎగాదిగా చూసింది.

"పిల్లోల్లు ఇరవై మంది. నాకుండేటివి రెండే కండ్లు. నీవేమన్నా ఇంకో రెండు బదులిస్తావా అప్పా?"

చుట్టూ రాళ్లు కొడుతున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. నా పేరు ఉరుకుందప్ప అని ఆమెకు తెలియకముందే నా పరువు పోయింది.

అవి కరువు పని రోజులు. రెండేళ్లుగా చినుకు లేదు. తిండి గడవడానికని సర్కారువాళ్లు ఆదోని పక్కన రోడ్డు వేయిస్తున్నారు. మగవాళ్లం బండలు పగలగొడితే ఆడవాళ్లు కంకర కొట్టేవాళ్లు. వాళ్ల పిల్లల్ని తడికెల పందిట్లో కనిపెట్టుకొని ఉండడం హంపమ్మ పని.

ఆ సాయంత్రమే ఓవర్సీరు హెచ్చరించి పోయాడు. ఇకమీదట రాళ్ల దగ్గర ఏ బిడ్డ కనిపించినా ఆ బిడ్డ తల్లిని పనిలోంచి తీసేస్తాడట. ఆ మాట విని హంపమ్మ ముఖం పాలిపోయింది.

మరునాడు పొద్దున్నే మా గుడిసె కప్పులోంచి జొన్నదంట్లు పీక్కొని పందిరికి పోయాను.

"ఏమప్పా, ఈ పొద్దు ఎవర్ని తిట్టేకి వచ్చినావు?"

"తిట్టేకి కాదు. కండ్లు బదులిచ్చేకి."

ఆమె మూతి తిప్పుకుంది. తిప్పుకుంటూనే నవ్వింది. అది చాలు నాకు.

దంటు పైపెచ్చు ఒలిచి, లోపలి బెండు ముక్కలకు పుల్లలు గుచ్చితే బండి అయింది, ఎద్దులయ్యాయి. ముక్కుమీద పెట్టుకుంటే కళ్లద్దాలయ్యాయి. ఏడేళ్ల సుంకమ్మ ఆ అద్దాలు పెట్టుకొని ఓవర్సీరులా చేతులు వెనక్కి కట్టుకొని నడిచింది. మధ్యాహ్నం తల్లులు వచ్చి పిలిచినా ఒక్కరూ లేవలేదు.

ఆ తర్వాత రోజూ అన్నం వేళ నేను పందిట్లోనే. కంకర రాళ్లతో అచ్చనగాయలు, కర్రపేడు ముక్కలతో బొంగరాలు.

"నీకు ఆకలి కాదా?" అనేది హంపమ్మ.

"కాదు," అనేవాణ్ని. పచ్చి అబద్ధం.

ఇప్పుడు ఆ రోడ్డు మీద మోటారు బస్సులు పోతున్నాయి. కడుపులు మాడిన రోజులే అవి. అయినా ఎవరైనా మళ్లీ పొమ్మంటే నేను ఆ పందిట్లోకే పోతాను.

ఒకరోజు ఖాసిం తల్లి దౌలత్ బీ నన్ను పక్కకు పిలిచింది. "మంత్రాలయం దిక్కునుంచి హంపమ్మకు సంబంధం వస్తాండాదంట. నీవేం చూస్తాండావప్పా?"

నేనేం చేయగలను? కులం ఒకటే, వరసా కలుస్తుంది. కానీ పిల్లనడగాలంటే ఆకువక్క పట్టుకొని పెద్దలు పోవాలి. మా అమ్మానాన్న గత్తర రోగం తగిలి ఒకే వారంలో పోయారు. నా తరఫున ఒకరి గడప తొక్కే మనిషి లేడు. పెద్దలు లేకుండా పోయి అడిగినవాణ్ని మా సీమలో మనిషిగా లెక్కపెట్టరు.

ఆ వారమే హంపమ్మ, వాన కోసం బొమ్మ పెండ్లి చేద్దామంది. మా వైపు వానలు పడకపోతే పిల్లల చేత అట్లా చేయిస్తారు. అన్ని మర్యాదలూ నిజం పెండ్లిలాగే జరగాలి. ఒక్కటి తప్పినా వాన రాదంటారు.

పిల్లలు మట్టితో పెండ్లికొడుకును చేశారు, పెండ్లికూతురును చేశారు. తీరా చూస్తే అందరూ నా పక్కకు వచ్చి మగపెండ్లివారైపోయారు. ఆడపెండ్లివారు హంపమ్మ ఒక్కతే.

"అయితే పిల్లనడిగేకి మా ఇంటికి రావాల," అంది మొండిగా. "ఈడ రాళ్లకాడ పిల్లనిచ్చేవాల్లం కాదు మేము."

సంత దినం పని లేదు. తల్లులను అడిగి బయలుదేరాం. ముందు సుంకమ్మ, చేతిలో పళ్లెం, అందులో ఆకువక్క, బెల్లం ముక్క. వెనక ఖాసిం రేకు డబ్బా వాయిస్తూ, చంకలో పెండ్లికొడుకు. ఊరి మొదట్లో ఖాసిం తట్టుకొని పడ్డాడు. పెండ్లికొడుకు పిండి పిండి అయ్యాడు. ఇరవై నోళ్లూ ఒక్కసారి ఏడుపందుకున్నాయి.

"ఊరుకోండి! ఆకువక్క పట్టుకోని వెనక్కి పోగూడదు," అని సుంకమ్మ కసిరింది.

అరుగుమీద హంపమ్మ తండ్రి నరసన్న కూర్చున్నాడు. సుంకమ్మ నేరుగా పోయి పళ్లెం ముందుకు చాపింది.

"మా పిల్లోనికి మీ పిల్లనియ్యాల."

"ఇస్తాంలేమ్మా. మీ పిల్లోడు యాడ?"

సుంకమ్మ ఖాసిం చేతుల్లోని మట్టి చూసింది. ఒక్క క్షణం ఆలోచించి నావైపు వేలు చూపింది.

"ఈయప్పే."

నరసన్న నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

"ఇది ఆటనా, నిజమా?"

నవ్వేసి తప్పించుకోవచ్చు. కానీ నా వల్ల కాలేదు.

"వీల్లకు ఆట. నాకు నిజం."

"నిజమైతే పెద్దోల్లను తోడుకోని రావాల కదప్పా?"

"నాకుండే పెద్దోల్లు వీల్లే."

అప్పుడు గడప అవతలినుంచి హంపమ్మ గొంతు వినిపించింది. తల మాత్రం పైకెత్తలేదు.

"నాయనా, ఆకులు ఎండకు వాడిపోతాండాయి. తీసుకో."

నరసన్న కూతుర్ని చూశాడు. నన్ను చూశాడు. ముక్కులు ఎగబీలుస్తూ, దుమ్ముకొట్టుకుపోయి నిలబడ్డ ఆ పిల్లలను ఒక్కొక్కరినీ చూశాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి రెండు చేతులతో చాపి పట్టాడు. సుంకమ్మ ఆకువక్క అందులో పెట్టింది.

"హంపీ," అన్నాడు. "పెద్దోల్లు ఎండలో నడ్సి వచ్చినారు. మొదాట వాల్లకు సంగటి పెట్టు."