పలకకూడని పేరు

ఆ రోజు మధ్యాహ్నానికే మంచు తుఫాను పట్టుకుంది. నారిన్ ఊరికి పైన కొండల్లో మా చలికాలపు మకాం. తప్పిపోయిన గొర్రెల కోసం పొద్దున వెళ్లిన మా ఆయన ఇంకా రాలేదు. గదంతా పిడకల పొగ, తడి ఉన్ని వాసన.

"తలుపు వంక చూస్తే వాడొస్తాడా? ఆ పుస్తకం తియ్యవే," అంది అత్తయ్య.

ఒంటెల బిడారు మీద పాత సాహస నవల అది. నా చదువు నాలుగో తరగతే. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతాను. తర్వాతి పేజీల్లోకి మాత్రం తొంగి చూడను. ఏ మలుపు ఎప్పుడు మీద పడుతుందో తెలియకపోతేనే నాకు సరదా. ఉప్పు మూటలో పసిపాప దొరికినప్పుడు ఇద్దరం కేక పెట్టాం.

"నిజంగా రాసుందా, నువ్వే అల్లుతున్నావా?" అత్తయ్యకు అనుమానం.

"నాకంత తెలివెక్కడిది అత్తయ్యా!"

ఒకటే చిక్కు. అందులో దారి చూపే ముసలాయనదీ, పోయిన మా మామగారిదీ ఒకటే పేరు. మామగారి పేరు కోడలు నోట రాకూడదు, ఆయన పోయాక కూడా. అందుకే "ఆ పెద్దాయన" అని చదివేదాన్ని.

పెద్దాయన లోయలో పడి చచ్చాడనుకుని ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం. పేజీ తిప్పాను. మంచులోంచి నడిచొస్తున్నాడు!

"జానుజాక్! జానుజాక్ బతికే ఉన్నాడత్తయ్యా!"

అరిచాక గాని తెలియలేదు. అత్తయ్య మొహం పాలిపోయింది.

దూరంగా, మంచులో... ఎవరో పలికారు.

"ఆఁ... వస్తున్నా కోడలా..."

గాలేమో. గాలే అయ్యుంటుంది. మా ఆయన నన్ను కోడలా అనడు కదా...

గిన్నెల్లో టీ చల్లారిపోయింది. అప్పుడు తలుపు మీద చప్పుడు. మెల్లగా.

అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "తియ్యకు."

"ఆయనే అయితే? గడ్డకట్టుకుపోతాడు అత్తయ్యా!"

"వాడైతే అరుస్తాడు."

చప్పుడు ఆగింది.

"తియ్యవే! చచ్చిపోతున్నా!"

మా ఆయన గొంతే. గడియ లాగేశాను. చలిగాలితో పాటు లోపలికొచ్చి పడ్డాడు. గడ్డం నిండా మంచు.

"ఆ ముసలాయన లేకపోతే అక్కడే పోయేవాణ్ణి," అన్నాడు వణుకుతూ. "మొహం కనిపించనివ్వలేదు. ఇంట్లో పిలిచారు, నా వెనకే రా అన్నాడు."

గదంతా కలియజూశాడు.

"ఏడీ? తలుపు తియ్యగానే నాకంటే ముందు లోపలికొచ్చాడుగా?"

అత్తయ్య పెద్దలు కూర్చునే బొంత మీంచి లేచి, తలమీద గుడ్డ సర్దుకుని, గోడవార ఒదిగి కూర్చుంది.

ఆ ఖాళీ బొంత... నడుమ... మెల్లగా కుంగింది.