గాలి తిప్పిన ముప్పై పేజీలు

ఒక లావుపాటి నవల కథంతా డబ్లిన్‌లో జూన్ పదహారు ఒక్కరోజే జరుగుతుంది గనుక, ఏటా ఆ రోజున ఊరు పాతకాలపు వేషాలతో ఉత్సవం చేసుకుంటుంది. ఆ రోజు గడ్డి టోపీ పెట్టుకుని తిరిగే ప్రతివాడూ ఆ నవలను చదివినవాడేనని ఒక నమ్మకం ఉంది. దానిని ఇంతవరకు ఎవరూ పరీక్షించలేదు. పరీక్షించవలసినవారందరూ టోపీలు పెట్టుకునే ఉంటారు.

లోర్కన్ టూహీ బడిలో సాహిత్యం చెప్పే పంతులు. ఉత్సవ సంఘానికి ఆరేళ్లుగా ప్రధాన పాఠకుడు. నవలలో నాయకుడు తింటాడు గనుక ఆ ఒక్కరోజు ఊరంతా పంది కిడ్నీలు కొంటుంది. లోర్కన్ మాత్రం మూడేళ్లుగా ప్రతి శనివారమూ గ్రోన్యా టిరెల్ మాంసం కొట్టులో కొంటున్నాడు. వాటిని పొరుగింటి కుక్క తింటోంది. ఈ ఏడు ధైర్యం చేసి, ఉత్సవ విందుకు తనతో రమ్మని ఆమెను అడిగాడు. మీరు చదివేది విన్నాక చెబుతానంది గ్రోన్యా.

సముద్రపు ఒడ్డున వేదిక. లోర్కన్ చదువుతూ ఉండగా గాలి విసురుకు ముప్పై పేజీలు తిరిగిపోయాయి. అతడు తడుముకోకుండా అక్కడినుంచే కొనసాగించాడు. సభ తలలూపింది. ఒక పెద్దాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు. జనం వెనక గ్రోన్యా ఒక్కతే పకపకా నవ్వింది.

మధ్యాహ్నం అతడు కొట్టుకు వెళ్లేసరికి సంఘాధ్యక్షుడు మల్హాల్ అక్కడే కిడ్నీలు తూయించుకుంటున్నాడు. లోర్కన్ ఆ నవ్వు సంగతి అడిగాడు.

"మీరు చదివినదాంట్లో శవంతో బయలుదేరినవాళ్లు శ్మశానం చేరకుండానే పత్రికాఫీసులో తేలారు మాస్టారూ. పాపం, ఆ పెట్టె ఇంకా దారిలోనే ఉంది," అంది గ్రోన్యా, కత్తి తుడుస్తూ. "ఇంతకీ మీరు చదివారా?"

మల్హాల్ చెవులు రిక్కించాడు. చదివానంటే పదవి నిలుస్తుంది.

"అరవై రెండో పేజీ దాకా," అన్నాడు లోర్కన్. "మూడుసార్లు మొదలుపెట్టాను. నువ్వు?"

"రెండుసార్లు పూర్తిచేశాను. చలికాలం బేరాలుండవుగా."

"సిగ్గుండాలోయ్ టూహీ," అన్నాడు మల్హాల్.

గ్రోన్యా ఆయనవైపు తిరిగి, తమరు ఎంతదాకా వచ్చారని మర్యాదగా అడిగింది. తనకు కంట్లో శుక్లాలున్నాయని చెప్పి ఆయన పొట్లం తీసుకుని వెళ్లిపోయాడు.

"విందు ఎన్నింటికి?" అంది గ్రోన్యా.

సోమవారం సంఘం విచారణకు కూర్చుంది. ఏ పేజీలు చదవకుండా పోయాయో తొమ్మిదిమంది సభ్యులలో ఒక్కరికీ తెలియకపోవడంతో గ్రోన్యాను పిలిపించారు. ఆమె చూపించింది. లోర్కన్‌ను తొలగించారు.

నవంబరులో రిజిస్ట్రారు ఆఫీసులో వాళ్ల పెళ్లయింది. ప్రస్తుతం లోర్కన్ రెండువందల పదకొండో పేజీలో ఉన్నాడు.