నిలబడి తీయించుకున్న ఫోటో

గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో ఆ ఉదయం కూడా పంపు దగ్గర బిందెల చప్పుడుతోనే మొదలైంది. భద్రమ్మ నీళ్లు పట్టుకొని వచ్చేసరికి భర్త ఈశ్వరప్ప నడవలో కూర్చుని, రాత్రి ఆమె సర్దిపెట్టిన ట్రంకుపెట్టెను విప్పి మళ్లీ సర్దుతున్నాడు. అన్నిటికన్నా పైన తల్లి ధర్మవరం చీర పెట్టాడు.

"ఆస్పత్రికి పోయేదానికి పట్టుచీర ఏంటికి?" అంది భద్రమ్మ.

"ఉండనీలే."

"మన పెండ్లిలో అత్తకు పెట్టిన చీర అది. మందుల వాసన పట్టిందంటే మళ్లీ పోదు."

"ఉండనీ అంటాండా కదా."

భద్రమ్మ బిందె దించి అతని ముఖం చూసింది. కొన్నాళ్లుగా మనిషి ఒకచోట నిలవడం లేదు. అన్నం ముందు కూర్చుంటే వాకిలి వైపు చూస్తాడు. వాకిట్లో నిలబడితే ఆకాశం వైపు చూస్తాడు. ఈ సీమలో ఆకాశం వైపు చూడని మనిషి ఉండడు గానీ, అందరూ చూసేది మబ్బు కోసం. ఈశ్వరప్ప ఎండ ఎంతసేపు ఉంటుందా అని చూస్తున్నాడు.

అత్తమామలు హనుమక్క, ఆదెప్ప బెళుగుప్ప దగ్గరి పల్లె నుంచి వచ్చి ఉన్నారు. హనుమక్కకు ఉగాది నాటి నుంచి కడుపులో నొప్పి. కొడుకు తెలిసిన డాక్టరుకు చూపించాడు. కడుపులో గడ్డ ఉంది, వేలూరు పెద్దాస్పత్రికి తీసుకెళ్లి కోయించాలన్నాడు ఆయన. ఈశ్వరప్పను ఒక్కడినే పక్కకు పిలిచి, "ఒంట్లో రక్తం లేదు, వయసు కూడా. సగం సగం అనుకో" అన్నాడు.

ఈశ్వరప్ప ఇంట్లో మాత్రం, వేలూరులో మంచి మందులిస్తారట అని చెప్పి ఊరుకున్నాడు. ఆ వంశంలో బి.ఏ. దాకా చదివింది అతనొక్కడే. కోర్టు కాగితమైనా, మందు సీసా మీది అక్షరమైనా ఇంటిల్లిపాదీ అతని నోటి వైపే చూస్తారు. మంచి మాట పదిమందికీ పంచాలి గానీ చెడ్డ మాట మోయడం చదువుకున్నవాడి వంతే అనుకున్నాడు.

అతను దాచిన సంగతి ఇంకొకటి ఉంది. రాత్రి మెయిలు గుంతకల్లులోనే ఎక్కవచ్చు. అయినా పొద్దున ప్యాసింజరులో గుత్తికి వెళ్లి, కోట చూసి, రాత్రి అక్కడే మెయిలు ఎక్కుదామన్నాడు. గుత్తి స్టేషనులో పనిచేసే స్నేహితుడి ద్వారా ఒక ఫోటోగ్రాఫరుకు ముందే చెప్పి పంపించాడు. 'మా అమ్మకు ఫోటో తీయాల. బయట, కోట కింద. మంచి కుర్చీ ఒకటి తెచ్చుకో.' నొప్పితో ఉన్న మనిషి ఎక్కువసేపు నిలబడలేదని కుర్చీ మాట కలిపాడు.

ప్యాసింజరు కదలగానే ఆదెప్ప మొదలుపెట్టాడు.

"ఇంటి ముందర ఎక్కాల్సిన బండిని పొరుగూరికి పోయి ఎక్కడం యాడన్నా ఉండాదా?"

"నీకేం నొప్పి?" అంది హనుమక్క. "నన్ను పెండ్లి చేసుకొని మా ఊరి నుంచి తోలకొస్తాంటే ఆ కోట కిందనే కదా వచ్చినాము. ఒక్క గడియ బండి నిలిపితే చూస్తానంటి. మీ నాయన నిలిపినాడా? ఎద్దులకు నీళ్లు కావాలన్నాడు. ఆయనకు కోడలి కన్నా ఎద్దులే ఎక్కువ."

"ఎద్దులు అడిగింటాయి, నువ్వు అడిగిండవు."

"అడిగినా. నువ్వే పలకలేదు. ఇప్పుడు నా కొడుకు నిలుపుతాండాడు, గమ్మున రా."

భద్రమ్మ నవ్వింది. ఈశ్వరప్ప నవ్వలేదు. కిటికీలోంచి ఎండిన చేలు, రాళ్లగుట్టలు వెనక్కి పోతున్నాయి. అతను ఎండనే చూస్తున్నాడు.

గుత్తిలో దిగి, జట్కాలో కోట కిందికి చేరి, వేపచెట్టు నీడన దుప్పటి పరిచారు. రాగిముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి తిన్నారు. హనుమక్క కొంచెమే తింది. తలెత్తి కొండ మీది గోడలను తృప్తిగా చూసింది. మధ్యాహ్నం వాలుతుండగా ఈశ్వరప్ప పెట్టె తెరిచి, "అమ్మా, ఈ చీర కట్టుకో" అన్నాడు.

"ఏమప్పా, కోటలో రాజేమన్నా నన్ను అడిగినాడా?"

"ఊరికే. కట్టుకో, బాగుంటాది."

ఆమె అనుమానంగా చూసింది గానీ, కొడుకు మాట కాదనలేక భద్రమ్మను తోడు తీసుకుని గోడ చాటుకు వెళ్లి కట్టుకుని వచ్చింది. అప్పుడే ఇంకో జట్కా వచ్చి ఆగింది. అందులోంచి మెడలో తువ్వాలు వేసుకున్న ఒక నడివయసు మనిషి దిగాడు. ఫోటోగ్రాఫరు ఫకీరప్ప అతనే. మూడుకాళ్ల కెమెరా దించాడు. చేతుల కుర్చీ దించాడు. ఉతికిన తెల్ల దుప్పటి, ఒక తాడు, తడిగుడ్డలో చుట్టిన బంతిపూల దండ దించాడు. చెప్పులు విడిచి ఆదెప్ప దగ్గరికి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"అన్నా, బాధపడొద్దు. ఎవురికైనా తప్పేది కాదు. శవాన్ని యాడ ఉంచినారు? తొందరగా కూచోబెట్టాల, బిగుసుకున్నాక కష్టం."

ఆదెప్ప అర్థంగాక పెళ్లాం వైపు చూశాడు.

హనుమక్క కుర్చీ చూసింది. తాడు చూసింది. దుప్పటి మీద ఆమె చూపు చాలాసేపు ఆగింది.

"నేనేనప్పా," అంది. "ఇంకా బిగుసుకోలేదులే. నిదానంగా కట్టు."

ఫకీరప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. "అయ్యో తల్లీ. సారూ, ఏంది సారూ ఇది? బయటికి రమ్మంటిరి, పెద్దామెకు అంటిరి, కుర్చీ తెమ్మంటిరి. ఆ మాట చెప్తే ఈ పక్క ఎవురైనా ఇదే అనుకుంటారు. బతికినోళ్లు స్టూడియోకు వస్తారు. మమ్మల్ని కుర్చీతో బయటికి పిలిచేది సచ్చినోళ్లకే కదా."

అది ఈశ్వరప్పకు తెలియని సంగతి కాదు. ఊళ్లో తమ ఇంటి గోడకున్న ఒకే ఒక ఫోటో అలాంటిదే. తను పుట్టకముందే వాంతిబేదులతో పోయిన అన్న జయరాముడిది. కుర్చీలో కూర్చోబెట్టి, వెనక తెల్లగుడ్డ పరిచి తీసినది. ఏటా పెద్దల పండక్కి ఆ ఫోటోకు దండం పెడుతూనే పెరిగాడు. కుర్చీ తెమ్మని చెప్పేటప్పుడు మాత్రం అది గుర్తుకు రాలేదు.

"ఈశ్వరప్పా," అంది హనుమక్క. "వేలూరులో మందులిస్తారంటివే."

"ఇస్తారుమా."

"మందులకు పోయేదానికి ఫోటో ఏంటికి?"

అతను వంగి పెట్టె మూత వేశాడు.

"కోస్తారా?"

భద్రమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది. ఆదెప్ప కొడుకు వైపు తిరిగాడు. ఈశ్వరప్ప తల దించుకునే చెప్పాడు.

"కోస్తారుమా."

హనుమక్క వెళ్లి ఒక బండ మీద కూర్చుంది. పట్టుచీర కొంగు దులిపి ఒళ్లో పెట్టుకుంది. "అయితే నేను బండెక్కను. బెళుగుప్ప బస్సు యాడ దొరుకుతాదో చూడండి."

"అమ్మా, చెప్తే నువ్వు భయపడతావని..."

"నీకు భయమైతే నాకు చెప్పవా?" అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఎద్దును సంతకు తోలేటప్పుడు కూడా దాని ముందరనే మాట్లాడుకుంటాం కదప్పా. నన్ను పట్టుచీర కట్టి, కోట చూపించి, కుర్చీలో కూచోబెట్టాలనుకుంటివా? నా కడుపు, నన్నడగాల్సిన పని లేదా?"

"చదువు చదువు అని కొర్రకూడు తిని చదివించినా," అన్నాడు ఆదెప్ప. "ఇదేనా నువ్వు చదివింది? మీయమ్మ మాట ఎట్లున్నా, నాకైనా చెప్పకూడదా?"

"చెప్పాలని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది నాయనా. చెప్పినానంటే నిజమైపోతాదేమో అనిపించింది." అన్నాడు ఈశ్వరప్ప. "అమ్మ ఫోటో మనకు ఒక్కటి కూడా లేదు. అంతే నేను అనుకుంది. బతికుండంగా ఒక్కటి ఉండాలని."

"ఒకటి ఉండాది," అంది హనుమక్క.

అందరూ ఆమెను చూశారు.

"మీ అన్న ఫోటోలో వెనక తెల్లగుడ్డ ఉండాది చూడు, అది నేను. వాన్ని కూచోబెడితే తల వాలిపోతాండె. బళ్లారి నుంచి వచ్చిన ఫోటోలాయన తాడు తీసినాడు. నా బిడ్డను తాడుతో కట్టొద్దంటి. అయితే ఎవురైనా పట్టుకోవాల అన్నాడు. మీ నాయన చేతులు వణుకుతాండె. నేనే వెనక మోకాళ్ల మీద కూచొని, గుడ్డ కప్పుకొని, వాని తల రెండు చేతుల్తో పట్టుకున్నా. కదలద్దు అన్నాడు. ఊపిరి కూడా తీసుకోలే."

ఆదెప్ప తలపాగా కొస కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. అతనికి తెలుసు. ఇన్నేళ్లూ ఇద్దరూ ఆ మాట ఎత్తుకోలేదు.

ఈశ్వరప్ప తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఏటా తాను పూలు పెట్టి మొక్కిన గుడ్డ వెనక తల్లి ఉందని అతనికి తెలియదు. ఆమె పాదం పట్టుకున్నాడు.

గోడల నీడ పొడుగై వేపచెట్టును దాటి వచ్చింది. ఫకీరప్ప మాత్రం ఆ దండను, తాడును జట్కా సీటు కింద కనపడకుండా దాచేస్తున్నాడు.

"డాక్టరు ఏమన్నాడు?" అంది చివరికి హనుమక్క. "దాయకుండా చెప్పు."

"సగం సగం అన్నాడుమా."

"సగమా?" ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఏమప్పా ఈశ్వరప్ప నాయనా, వాన సగం ఉంటాదని ఎవురన్నా చెప్తే నువ్వు గొర్రు కట్టకుండా ఉన్నావా ఎప్పుడన్నా?"

"సగం యాడిది?" అన్నాడు ఆదెప్ప గొంతు సవరించుకుంటూ. "ఈ నేలలో పావువంతుకే విత్తనం ఏస్తాం."

"ఈ మాట చెప్పేదానికి నీ కొడుక్కు పట్టుచీర కావాల్సొచ్చింది చూడు." ఆమె కొడుకు తల మీద చెయ్యి వేసింది. "లెయ్. బండెక్కుతా. ఇంకెప్పుడూ నా సంగతి నాకు దాయొద్దు."

ఈశ్వరప్ప లేచి కళ్లు తుడుచుకున్నాడు. "ఫోటో వద్దులేమా. ఆయన్ను పంపించేస్తా."

"ఏంటికి పంపించేది? ఇంత దూరం వచ్చినాడు. తీయనీ. ఆ కుర్చీ మాత్రం బండిలో పెట్టమను. సచ్చినోళ్లను కూచోబెడతారు. నేను నిలబడతా."

"నొప్పి కదత్తా," అంది భద్రమ్మ.

"నువ్వుండావు కదా. ఒక పక్క నువ్వు పట్టుకో, ఒక పక్క వాడు పట్టుకుంటాడు. గుడ్డ కప్పుకోవద్దు, ముఖాలు కనపడాల."

నలుగురూ కోటను వెనక పెట్టుకుని నిలబడ్డారు. ఫకీరప్ప నల్లగుడ్డలో తల దూర్చి బయటికి తీశాడు.

"వెలుగు తగ్గింది సారూ. నేను కెమెరా అద్దం మూత తీసి మళ్లీ పెట్టేదాకా ఎవురూ కదలకూడదు. కొంచెంసేపు పడతాది."

మూత తీశాడు. సరిగ్గా అప్పుడే హనుమక్క మొగుడి వైపు తిరిగి, "ఆ తలపాగా సరిగ్గా పెట్టుకోకూడదా, కాకి గూడు మాదిరి ఉండాది," అంది. ఆదెప్ప చెయ్యి తలమీదికి పోబోయి ఆగింది. ఫకీరప్ప మూత పెట్టి నిట్టూర్చాడు. ఫోటో తీసేందుకు తెచ్చుకున్న గాజు ప్లేటు అదొక్కటే. శవానికి ఒక్కటి చాలు.

రాత్రి మెయిలుకు వేలూరు వెళ్లారు. గడ్డ కోశారు. చాలా రోజులు మగతగా, జ్వరంగా గడిచి, ఆ తర్వాత హనుమక్క కళ్లు తెరిచి గంజి అడిగింది. ఇంటిముఖం పట్టేసరికి ఊళ్లో తొలి వానలు పడి ఆదెప్ప కాలు నిలవడం లేదు. అయినా దారిలో గుత్తిలో దిగారు. ఫకీరప్ప ఆమెను చూసి ముందు కుర్చీ వేయబోయి, నాలుక కరుచుకుని, తర్వాత ఫోటో తెచ్చి ఇచ్చాడు.

అందులో కోట ఉంది. ఈశ్వరప్ప, భద్రమ్మ, ఆదెప్ప చక్కగా ఉన్నారు. మధ్యలో హనుమక్క ముఖం మాత్రం చెదిరిపోయి, మొగుడి వైపు ఈడ్చినట్టు పొగమాదిరి ఉంది.

"నా తప్పు కాదమ్మా, మీరు కదిలినారు. ఏమీ తీసుకోకుండా మళ్లీ తీస్తా," అన్నాడు ఫకీరప్ప.

హనుమక్క ఫోటోను దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"వద్దులేప్పా. ఇదే బాగుండాది. మా జయరాముడు కదల్లేదు. నేను కదిలినా."

ఊళ్లో ఆ ఫోటోను పెద్దల గోడకు తగిలించనివ్వలేదు ఆమె. వాకిలి పక్కన, వచ్చేపోయేవాళ్లు చూసేచోట మేకు కొట్టించింది. మరునాడు గుంతకల్లుకు బయలుదేరే ముందు ఈశ్వరప్ప లోపలి గోడ మీది పాత ఫోటోను దించి, ఉత్తరీయంతో అద్దం తుడిచి వెలుతురులోకి తెచ్చాడు. అన్న తలకు రెండు పక్కలా, చెవుల దగ్గర, తెల్లగుడ్డ ముడతలు పడి ఉంది. ఇన్నేళ్లూ ముడతలే అనుకున్నాడు. అవి వేళ్లు.

పొయ్యి దగ్గరి నుంచి తల్లి వచ్చి పక్కన నిలబడింది. అతను ఆ వేళ్ల మీద తన వేలు ఆనించాడు.

"చేతులు నొప్పి పుట్టింటాయి కదమ్మా."

హనుమక్క కొంగుతో అద్దం ఒకసారి తుడిచింది.

"పుట్టినాయి," అంది. "మీ అన్న బరువుగల్లోడు."