ఆదివారం తీసుకుపోతారు

మా బిల్డింగు సెల్లారులో, మెట్ల కింద మూలనున్న పార్కింగు చోటుకి మంచి పేరు లేదు. అక్కడ పగలు కూడా రాత్రే. ఎన్ని ట్యూబులైట్లు మార్చినా వారం తిరక్కుండా మాడిపోతాయి. వాచ్‌మన్ అటువైపు కుర్చీ వేసుకోడు. పిల్లల బంతి అటు దొర్లిందంటే — అది ఇక ఆ చోటుదే.

అందుకే ఖాళీగా ఉండేది. అందుకే మా మామగారి కారుకి దొరికింది.

ఆయనా, మా ఆవిడా, నేనూ, ఆ కారూ... నలుగురం ఒకే కుటుంబం. కారు మా పెళ్లికంటే పదేళ్లు పెద్దది. ఆరోగ్యం మాత్రం మా పెళ్లికంటే నయం. అందులోని పాత టేపురికార్డరు పాడడం మానేసి క్యాసెట్లు నమలడం మొదలుపెట్టింది. నేను మూడు వీడియోలు చూసి, నాలుగోది చూసే ఓపిక లేక, దాన్ని పీకేసి, ఫోన్లో పాటలు వినిపించే కొత్త స్టీరియో బిగించాను.

మూడోరోజు, గురువారం సాయంత్రం ఆరింటికి ఆయన షికారుకని కిందికి దిగారు. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి నన్ను బాల్కనీలోకి లాగారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆయన చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

తాళం తిప్పారట. స్టీరియో వెలిగిందట. పాట రాలేదు. సన్నగా గరగర... ఆ వెనకే — ఆడగొంతు. నూతిలోంచి గుసగుసలాడినట్టు...

"పెద్దాయనకి... ఇంక చాలు... ఆదివారం... వచ్చి తీసుకుపోతారు..."

"ఎవరొచ్చి?" అన్నాను.

"అది అడిగే ధైర్యముంటే ఇక్కడికెందుకొస్తానయ్యా?"

"పోనీ, మీ అమ్మాయితో చెబుదామా?"

"చెప్పావంటే చూడు! పోయిన నెల కారు గేటుకి గీసుకున్నప్పట్నించీ దాని కన్ను నా తాళాలమీదే. ఇప్పుడు కారు మాట్లాడుతోందంటే... నన్ను డాక్టరు దగ్గరికీ, కారుని పాత సామాన్లవాడి దగ్గరికీ ఒకే రోజు పంపిస్తుంది."

ఆ కారు లేకపోతే ఆయనకి సాయంత్రాలే లేవు. ఆ సంగతి నాకు తెలుసు.

మర్నాడు ఆరింటికి ఇద్దరం దిగాం. ధైర్యం చెప్పడానికి పక్క సీట్లో కూర్చున్నాను. తలుపు మాత్రం వేసుకోలేదు.

తాళం తిప్పారు. గరగర...

"తాళాలు... దాచెయ్... ఎల్లుండి పొద్దున్నే... తీసుకుపోతారు..."

మామగారు నా మోచెయ్యి పట్టుకున్నారు. నేనే ఆయనది పట్టుకున్నానేమో. ఆయనే అడిగారు —

"ఎ...వ...రి...ని?"

గరగర ఆగింది.

ఉన్నట్టుండి స్టీరియో కెవ్వుమంది. "అమ్మో! మగగొంతు! ఒసేయ్, మీ ఇంట్లో దెయ్యమే!"

ఠక్కున కట్టయింది. అప్పుడే మా తలలపైనున్న గాలికిటికీలోంచి — ఆ పైన మా వంటిల్లే — మా ఆవిడ గొంతు: "హలో! పిన్నీ! ఛ, నిన్నా ఈ టైముకే మూగబోయిందీ ఫోను!"

అప్పుడు గుర్తొచ్చింది. బిగించిన రోజు నా ఫోన్లో చార్జింగు లేక, మా ఆవిడ ఫోను బ్లూటూత్‌తో కలిపి చూశాను. విడదీయడం నాలుగో వీడియోలో ఉండి ఉంటుంది. కారు వెలిగితే చాలు, ఆవిడ ఫోను మాటలు ఇక్కడ మోగుతున్నాయి. ఇక్కడి మాటలు పిన్ని చెవిలో పడుతున్నాయి. ఇక స్పీకరు వైర్లు నేను కలిపిన తీరుకి ఎవరి గొంతైనా నూతిలోంచే వస్తుంది.

నవ్వబోయాను. మామగారు నవ్వలేదు.

"మా మరదలా!" అన్నారు మెల్లగా. "అంటే... తీసుకుపోయేది నన్ను కాదు. కారుని."

మా ఆవిడ బేరం కుదిర్చేసిందన్నమాట. నా కడుపులో మాట దాగదని నాకు చెప్పలేదు.

స్టీరియో మళ్లీ మోగింది. పైన మా ఆవిడ ఫోనెత్తింది. మామగారు నా నోరు మూసి, స్టీరియో మైకు దగ్గరికి వంగి, నేనెప్పుడూ వినని గొంతుతో —

"కారు... కదిలితే... ఊరుకోను..."

అటునుంచి పిన్నిగొంతు: "అలాగేనండీ... ఇం... ఇంకేమైనా కావాలాండీ?"

ఆయన ఆలోచించారు. నావైపు చూశారు.

"ఆ ఇంటల్లుణ్ని... దానిమీద... చెయ్యి వెయ్యనివ్వద్దు..."

ఆదివారం పొద్దున్నే ఇద్దరు మనుషులొచ్చారు. కారు అమ్మడం లేదని మా ఆవిడ గుమ్మంలోనే చెప్పేసింది. పాపం, ఊరికే తిప్పించామని, నా స్క్రూడ్రైవర్ల పెట్టె వాళ్ల చేతిలో పెట్టింది.