ఆగ్నేయం పక్క కొళాయి

బంగారు గనుల ఊరు కోరమండల్‌లో గని దొరలు కట్టించిన పాత బంగళా ఒకటి ఉండాది. ఆ ఇంట్లో నీళ్లు పోసుకునే బచ్చలింటికి చెడ్డపేరు. ఊరికే వచ్చిన పేరు కాదప్పా అది. దీపాలు పెట్టే వేళైతే చాలు... కొళాయిల దగ్గర ఎవరో ఆడమనిషి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చినట్టు వినిపించేదంట. పసిబిడ్డ ఉండే ఇంట్లోనే అది ఏడుస్తుందనీ, బిడ్డను తీసుకుపోయేదాకా ఊరుకోదనీ ఇరుగుపొరుగు చెప్పుకునేవాళ్లు. గని మూసినాక చానా కాలం ఆ ఇంటి తాళం ఎవరూ తీయలేదు.

తీసింది శేషాచలం. రాబర్ట్‌సన్‌పేటలో బట్టలంగడి ఆయనది. ఆయన భార్య నాగరత్నమ్మకు దెయ్యమంటే నవ్వు.

"నా నోటికి జడిసి అదే ఇల్లు ఖాళీ చేస్తాది చూడు" అనేది.

కూతురు వసంత కాన్పుకు వచ్చినాక ఆ నవ్వు కాస్త తగ్గింది. వసంతకు అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. ఎన్నో మొక్కులు మొక్కితే పుట్టిన మగబిడ్డ. వాడు తుమ్మినా ఇంటిల్లిపాదికీ గుండె దడే. ఒకనాడు వసంత మంచంలో నుంచే తల్లి చెయ్యి పట్టుకునింది.

"అమ్మా... వాడికి ఆ బచ్చలింట్లో నీళ్లు పోయొద్దమ్మా. నిన్న మళ్లీ ఏడ్చింది."

"ఏడ్చేది దెయ్యం కాదే పిచ్చిదానా, అరిగిపోయిన కొళాయి. పైపులో గాలి. రేపే మార్పిస్తా, నువ్వు పడుకో."

మర్నాడు పొద్దున్నే ఈశ్వరప్ప ఇనుప సామాన్ల అంగట్లో ఆమె కొళాయిలు ఏరుతుంటే చూడాల! గోటితో మీటింది. చేతిలో ఎత్తి బరువు చూసింది. పిడి తిప్పింది, మళ్లీ తిప్పింది. ఇత్తడివి గట్టివే గానీ కంటికి ఆనలేదు, ప్లాస్టిక్‌వి ముట్టనే లేదు. ఆఖరుకు తళతళలాడే జత ఒకటి తీసుకునింది. వేన్నీళ్ల దానికి నెత్తిన ఎర్రచుక్క, చన్నీళ్ల దానికి నీలం చుక్క.

"కూతురికి సంబంధం చూసినప్పుడు కూడా ఇంత పరీక్ష పెట్టలేదు గదే" అన్నాడు శేషాచలం.

"అల్లుడు ఏడిస్తే ఓదార్చుకుంటా. కొళాయి ఏడిస్తే నా కూతురికి నిద్ర లేదు."

బిగించే పనికి సొన్నప్ప వచ్చినాడు. పాత కొళాయిలు తుప్పు పట్టి ఎంతకీ కదల్లేదు. నూనె పోసి, తట్టి, స్పానర్‌తో కుస్తీ పట్టి ఊడదీసేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పుడు... నోరు తెరుచుకున్న ఆ పైపులోంచి ఏడుపు వచ్చింది. సన్నగా. ఒక్కసారే.

సొన్నప్ప స్పానర్ కింద పెట్టేసినాడు. "అమ్మా... నీళ్లు కట్టేసినాము గదా?"

"గాలప్పా, గాలి! కానీ కానీ." అనింది గానీ, ఆమె కూడా ఒక అడుగు వెనక్కి వేసింది.

ఇంగ బిగించే కాడికి వచ్చేసరికి ఆమెకు వాస్తు గుర్తొచ్చింది. "ఎర్రది ఆ పక్కకు పెట్టు. అదే ఆగ్నేయం. పసిబిడ్డ ఉండే ఇల్లు, నిప్పు ఉండాల్సిన చోటే ఉండాల."

"వేడి పైపు ఈ పక్క ఉండాది గదమ్మా!"

"పైపులు మార్చుకో. ఎర్రచుక్క మాత్రం ఆగ్నేయంలోనే."

ఆమెతో వాదించి గెలిచినవాడు ఎవరు? సొన్నప్ప ఆమె చెప్పినట్టే బిగించి, మసక పడుతుంటే సంచి సర్దుకున్నాడు. "పైపులు రేపు పొద్దున వచ్చి మారుస్తా తల్లీ. అందాకా నీలం చుక్క దాంట్లో వేన్నీళ్లొస్తాయి, ఎర్ర దాంట్లో చన్నీళ్లు. మరిచిపోయేరు, జాగ్రత్త."

"నాకా చెప్తావు!" అనింది నాగరత్నమ్మ.

ఈ పనితో పొద్దున పోయాల్సిన నీళ్లు దీపాల వేళకు పడినాయి. శేషాచలం అంగట్లో ఉన్నాడు. బిడ్డకు నీళ్లు పోసే హనుమక్క ఇంకా రాలేదు, బయట మబ్బు కమ్ముకొస్తాంది. బిడ్డేమో ఒకటే ఏడుపు. బచ్చలింటి గోడ అవతల కట్టెల బాయిలర్‌లో నీళ్లు సలసల మరుగుతున్నాయి. నాగరత్నమ్మ రెండు కొళాయిలూ తిప్పి సగం బకెట్టు పట్టి, కట్టేసి చెయ్యి పెట్టి చూసింది. కొంచెం వేడి ఎక్కువే. చన్నీళ్లు కలుస్తాయి లెమ్మని నీలం చుక్క కొళాయి తిప్పి, దాన్ని అట్లే కారనిచ్చి, హనుమక్క వచ్చేస్తాదిలే అని పీట మీద కూర్చునింది. కాళ్లు బారజాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకునింది. అట్లా కూర్చున్న మనిషి లేవలేదు, వెనక్కి తిరగలేదు. నీళ్లు వెనక నుంచి ఇంకొకరు పోయాల్సిందే.

కరెంటు పోయింది.

వాన మొదలైంది. చీకట్లో బకెట్టు నిండుతున్న చప్పుడు... ఆ వెనకే, తడికాళ్ల చప్పుడు.

"హనుమక్కా, వచ్చినావా? పెరటి తలుపున వచ్చినట్టుండావే. నీళ్లు పొయ్యి, పొయ్యి, బిడ్డ గుక్కపట్టినాడు."

చెంబు మునిగింది. బిడ్డ రొమ్ము మీద నీళ్లు పడినాయి... గోరువెచ్చగా, హాయిగా. వాడు ఠక్కున ఏడుపు ఆపినాడు.

"తలకు మెల్లగా పొయ్యి. కండ్లలో పడనీకు."

ఒక చెయ్యి వచ్చి బిడ్డ నుదుటికి అడ్డం నిలిచింది. నాగరత్నమ్మ వేళ్లకు తగిలింది ఆ చెయ్యి.

"చేతులేందే ఇంత చల్లగా ఉండాయి? వానలో తడిసినావా?"

చెంబు తర్వాత చెంబు... ఆఖరున పుడిసెడు నీళ్లు బిడ్డ చుట్టూ దిష్టి తిప్పి పక్కన పారబోసిన చప్పుడు. కొళాయి ఆగింది.

అప్పుడే వీధి తలుపు దబదబ కొట్టినారు.

"నాగరత్నమ్మా! తలుపు తీయండమ్మా. వానకి దారిలోనే నిలబడిపోయినా..."

అది హనుమక్క గొంతు.

నాగరత్నమ్మ కాళ్ల మీద బిడ్డ. బిడ్డను తీసుకుపోయేదాకా ఊరుకోదన్న మాట చెవుల్లో గింగురుమనింది. మెడ వెనక ఎవరో ఊపిరి పీలుస్తున్నారు... మెల్లగా... బిడ్డను చూస్తున్నట్టు.

కరెంటు వచ్చింది.

వెనక ఎవరూ లేరు. బకెట్టు అంచుదాకా నిండి పొగలు కక్కుతాంది. బిడ్డను రొమ్ముకు కరుచుకుని ఆమె వేలు ముంచింది. చుర్రుమనింది! వేలు నోట్లో పెట్టుకుని తలెత్తితే ఎదురుగా నీలం చుక్క. సొన్నప్ప చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆ నీళ్లు పడుంటే బిడ్డ దక్కేవాడా? పిచ్చిదానిలా వాడి ఒళ్లంతా తడిమింది. యాడా ఒక్క ఎర్రమచ్చ లేదు. వాడు నిద్రపోయినాడు.

బిడ్డను ఎత్తుకునే పోయి తలుపు తీసింది. హనుమక్క తడిసిన కొంగు పిండుకుంటూ బిడ్డను చూసింది.

"అప్పుడే పోసేసినారా? ఎవరు పోసినారమ్మా?"

నాగరత్నమ్మ బచ్చలింటి వైపు తిరిగి చూసింది. కండ్లలో నీళ్లు ధారగా కారినాయి. అంతలో లోపలి గదిలోంచి వసంత నిద్రమత్తులో పిలిచింది.

"అమ్మా... ఇప్పుడు నా తల నిమిరి, 'బిడ్డకు భయం లేదు, పడుకో' అనింది నువ్వేనా?"

నాగరత్నమ్మ బిడ్డను గట్టిగా పట్టుకుని గోడకు ఆనుకునింది.

"నేనే తల్లీ" అనింది. "పడుకో."